ఒక బోరు, రెండు స్విచ్చులు

నేను హైస్కూల్లో ఫిజిక్సు చెప్తాను. గొప్ప కోసం ఈ మాట అనడం లేదు. జరిగిన దాంట్లో తప్పెవరిదో చదివేవాళ్ళకి ముందే తెలియాలని అంటున్నాను.

అద్దంకి దగ్గర మా ఊళ్ళో నాన్నకీ బాబాయికీ పక్కపక్కనే మిరప చేలు. మధ్య గట్టు మీద ఇద్దరికీ కలిపి ఒకటే బోరు. ఒక రోజు నీళ్ళు మాకు, మర్నాడు వాళ్ళకి. దాన్ని వంతు అంటారు. ఇళ్ళు కూడా చేల పక్కనే, డొంకకి అటొకటి, ఇటొకటి. నాలుగేళ్ళ కిందట కళ్ళంలో కాయలు ఆరబోసి ఉండగా మబ్బు పడితే, కాయలు కప్పడానికి బాబాయి మా టార్పాలిన్ పట్టా అడిగి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి దానికి చిల్లుంది. చిల్లు ముందే ఉందని బాబాయి, లేదని నాన్న. ఆ రోజు నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా అమ్మ, పిన్ని మోసుకుపోవాలి. వాళ్ళిద్దరూ మాత్రం రోజూ ఒకే అరుగు మీద కూర్చుని ఆ చిల్లు గురించి నవ్వుకునేవాళ్ళు.

పోయినేడు తోటలు నిండు పూత మీద ఉండగా అసలు గొడవ వచ్చింది. నాన్న వంతు రోజున బాబాయి అటుగా వెళ్తూ, బోరులో నీళ్ళు తగ్గి గాలి పీలుస్తోందని మోటారు ఆపేశాడు. మర్నాడు బాబాయి వంతులో నాన్న చెవికి కూడా బోరు గాలి పీలుస్తున్నట్టే వినపడింది, ఆయనా ఆపేశాడు. అలా నాలుగు రోజులు ఇద్దరికీ తడి అందలేదు. పూత మీద తడి తప్పితే పూలు రాలతాయి, పూలు రాలితే ఆ ఏటికి కాయ లేనట్టే. అమ్మ రాలిన పూలు పళ్ళెంలో ఏరుకొచ్చి నా ముందు పెట్టింది. ఇంత చదువు చదివావు, ఏదో ఒకటి చెయ్యవే అంది.

సరిగ్గా ఆ వారమే పదో తరగతికి రెండు స్విచ్చులూ ఒక బల్బూ పెట్టి పాఠం చెప్పి ఉన్నాను. రెండూ ఒకే తీగ మీద వరసగా ఉంటే, రెండూ వేస్తేనే బల్బు వెలుగుతుంది. నా తెలివి మీద నాకు మహా నమ్మకం. వైరింగు మేస్త్రిని పిలిపించి, స్టార్టరు లోపలి కాయిల్‌కి వెళ్ళే తీగని రెండిళ్ళకీ లాగించి, గట్టు మీది స్విచ్చు తీయించి, ఇంటికో స్విచ్చు పెట్టించాను. ఇద్దరూ ఒప్పుకుని వేస్తేనే మోటారు తిరుగుతుంది. ఒకసారి ఒప్పుకుని వేశాక, గాలి పీలుస్తోందని మధ్యలో ఎవరూ వంక పెట్టరనుకున్నాను.

రెండు రోజులు మోటారు కదల్లేదు. ముందు స్విచ్చు వేసినవాడు రెండోవాడి కోసం ఎదురుచూడాలిగదా. ఆ ఎదురుచూపు తమ్ముడి ముందు చెయ్యి చాపడంతో సమానమని నాన్న లెక్క. అన్న ముందు తలొంచడమని బాబాయి లెక్క. అమ్మ ఇంకో పళ్ళెం పూలు తెచ్చింది.

నాకు ఒళ్ళు మండింది. అయితే ఎవరు వేసినా తిరిగేట్టు పెడతానని స్విచ్చుల్ని వరసగా కాకుండా సమాంతరంగా కలిపించాను. ఈసారి మోటారు ఆగలేదు. ఆగాలంటే ఇద్దరూ ఆపాలి, ముందు ఆపేదెవరు? మిరపకి మడిలో నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. సాయంత్రానికి మా చేలో వరి నాటొచ్చు. నేనే స్తంభం దగ్గరికి పోయి ఫ్యూజు పీకొచ్చాను.

మేస్త్రి తల గోక్కుంటూ, మేడ మెట్ల దగ్గర పెట్టే టూవే స్విచ్చులు పెడదామండీ అన్నాడు. ఎవరైనా వేయొచ్చు, ఎవరైనా ఆపొచ్చు. మెట్ల మీద లైటుతో కొట్లాడుకున్నవాళ్ళెవరూ లేరుగదా అని నేనూ సరేనన్నాను. ఒక్క సంగతి మర్చిపోయాను. మనవాళ్ళకి స్విచ్చు కిందికుంటే వేసినట్టు, పైకుంటే ఆపినట్టు. టూవే స్విచ్చుకి ఆ పట్టింపు లేదు, ఎటు నొక్కినా తిరిగేది ఆగుతుంది, ఆగింది తిరుగుతుంది.

ఆ రోజు నాన్న వంతు. కరెంటొచ్చింది, మోటారు తిరుగుతోంది, చేలో నీళ్ళు పారుతున్నాయి. నాన్న కాఫీకి ఇంటికొచ్చి చూస్తే మా స్విచ్చు పైకుంది. పైకుంటే మోటారెట్టా తిరుగుద్దని అనుమానపడి, ఎందుకైనా మంచిదని కిందికి నొక్కాడు. మోటారు ఆగిపోయింది. తమ్ముడే ఆపాడని నాన్నకి ఖాయమైంది. అవతల బాబాయి, మోటారు ఆగిందే, నింద నా మీదకొస్తుందని భయపడి స్విచ్చు వైపు చూశాడు. తనది కిందికే ఉంది. పాడైందేమోనని పైకీ కిందికీ నాలుగుసార్లు కొట్టాడు. ఇటు నాన్న కూడా మొదలెట్టాడు. డొంకకి రెండు పక్కలా టక్ టక్, గట్టు మీద మోటారు ఎక్కిళ్ళు. నేను బడి నుంచి వచ్చి బండి దిగేసరికి గట్టు మీంచి కాలిన వాసన వచ్చింది. స్టార్టరులో కాయిల్ మాడిపోయింది. ఇక ఎవరికీ నీళ్ళు లేవు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

నేను గట్టెక్కేసరికి నాన్న ఇటు నుంచి, బాబాయి అటు నుంచి వచ్చి స్టార్టరు పెట్టె ముందు నిలబడ్డారు. పెట్టెలోంచి పొగ వస్తోంది. అప్పుడు బాబాయి, మూడేళ్ళ తర్వాత మొదటిసారి, నాన్నతో మాట్లాడాడు.

"అన్నయ్యా, అమ్మాయిని బళ్ళో పిల్లలకి చెప్పుకోమను. మన బోరు జోలికి రావద్దను."

"నేనూ అదేగదరా మొత్తుకునేది," అన్నాడు నాన్న. "ఇన్నేళ్ళు బోరుకి ఒకటే స్విచ్చు. ఏనాడన్నా కాలిందా?"

మేస్త్రిని తిట్టారు, నా చదువుని తిట్టారు. ఫిజిక్సు కనిపెట్టినవాళ్ళని కూడా వదల్లేదు. తిట్టుకుంటూనే ఒకే బండి మీద అద్దంకి పోయి కొత్త కాయిల్ తెచ్చారు. ఇళ్ళకి లాగిన తీగలన్నీ పీకేసి, చుట్ట చుట్టి, నా మంచం కింద పడేశారు. మర్నాడు వంతు ఎవరిదని అడిగితే నీదంటే నీదని వాదించుకున్నారు. చివరికి నీళ్ళు ముందు బాబాయి చేలోకే పారాయి. మిగిలిన పూత రెండు చేలల్లోనూ నిలిచింది.

నాకు అవమానంగా ఉండేది, సంతోషంగానూ ఉండేది. ఇప్పుడు అవమానం తగ్గింది. కానీ వాళ్ళ మాటలు మళ్ళీ వంతు దగ్గర పెరిగినప్పుడల్లా, ఇద్దరిలో ఎవరో ఒకరు మా ఇంటి వైపు తిరిగి, "అమ్మాయిని పిలవనా?" అంటారు. వెంటనే ఇద్దరూ సర్దుకుంటారు.