సైరన్ మోగాక మిగిలిన సినిమా

మణుగూరు బొగ్గుగని కాలనీలో మాతో పెరిగిన పిల్లలకు పాత సినిమాల ముగింపులు తెలియవు. ఈ మాట బయటివాళ్లతో అంటే నవ్వుతారు. మా కాలనీ కేబుల్ అతను మధ్యాహ్నం భోజనాల వేళకు ఒక సినిమా వేసేవాడు. రెండో షిఫ్టు సైరన్ మోగగానే, కథ ఎక్కడున్నా సరే, ఆపేసేవాడు. మగవాళ్లు సినిమా మధ్యలో లేవలేక గనికి నాగాలు పెడుతున్నారని ఆడవాళ్లంతా ఒకరోజు అతని గది ముందు కూర్చుని పోట్లాడారట. అప్పటినుంచి వచ్చిన పద్ధతి. సైరన్ మోగేది, టీవీ నీలంగా మారేది, ప్రతి క్వార్టర్ నుంచీ ఒక మనిషి టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సు దగ్గరికి నడిచేవాడు. మర్నాడు ఇంకో సినిమా. నిన్నటిదాని చివర ఏమై ఉంటుందో మగవాళ్లు షిఫ్టు బస్సులో వాదించుకుని, ఇంటికొచ్చి పెళ్లాం పిల్లలకు చెప్పేవాళ్లు. ఏ ఇంటి ముగింపు ఆ ఇంటిది.

అందుకే పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల అభిమానుల వాట్సాప్ గ్రూపులో మా ఊరివాళ్లకు పెద్ద పేరు లేదు. మమ్మల్ని "సైరన్ బ్యాచ్" అంటారు. ఏ సినిమా గురించి మాట్లాడినా "ఆ చివరి సీను తర్వాత కలిపిన్రు, మా చిన్నప్పుడు లేదు" అని మావాళ్లలో ఒకరు తప్పకుండా అంటారు.

ఆ గ్రూపులో ఎక్కువ గొడవ మరమనిషి సినిమా మీదే. భూమి మీద వానలు పడవు. ఒక శాస్త్రవేత్త మరమనిషిని తయారుచేసి, నీళ్లు తెమ్మని రాకెట్‌లో వేరే గ్రహానికి పంపుతాడు. ఈమధ్య ఆ సినిమాను శుభ్రం చేసి, రంగులు సరిచేసి, అట్టముక్కలతో చేసిన పాత రాకెట్ బదులు కంప్యూటర్ రాకెట్ పెట్టి మళ్లీ విడుదల చేశారు. ఇక అప్పటినుంచి ఏది పాతది, ఏది కొత్తగా కలిపినది అని రోజూ తగువే. మరమనిషి ఛాతీ మీద దీపం ఎర్రగా ఉండేదని ఒకాయన ఒట్టేసి చెప్తాడు. "అది మీ ఇంట్ల పిక్చర్ ట్యూబ్ పోయి ఎర్రగ కనపడ్డది సార్, దీపం ఎప్పుడూ నీలమే" అని ఇంకొకాయన. అందరూ కళ్లతో చూసినవాళ్లే. ఏ ఇద్దరూ ఒకే సినిమా చూసినట్టు ఉండదు.

నేను ఆ గ్రూపులో చేరి చాలా కాలమైనా ఒక్క మాటా రాయలేదు. ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్తాను, లేడీస్ హాస్టల్లో ఉంటాను. పిల్లల ముందు తప్ప నాకు నోరు రాదు. జవాబు టైప్ చేస్తాను, చదువుకుంటాను, చెరిపేస్తాను. చెరిపేసినదాన్ని పడుకునే ముందు డైరీలో రాసుకుంటాను. డైరీలో నేను చాలా వాదనలు గెలిచాను.

చిన్నప్పుడు మా కాలనీలోనే పెరిగిన మా చిన్నాన్న కూతురు ఇప్పుడు అశ్వారావుపేటలో ఉంటుంది. నాకంటే కాస్త పెద్దది, నేను అక్క అంటాను. ఆమెను ఆ గ్రూపులో చేర్చింది నేనే. ఇక్కడ మనుషులు సరదాగా పోట్లాడుకుంటున్నారు చూడు అని ముచ్చటపడి చేర్చాను. చేరిన వారంలోపే అందరికీ అక్క అయిపోయింది. ఆమె టైప్ చేయదు, గొంతుతో పంపుతుంది. మధ్యలో నవ్వుతుంది. పామాయిల్ తోటలో ట్రాక్టర్ చప్పుడు వెనక వినిపిస్తుంటే, "ఆగున్రి సార్, నన్ను జెర చెప్పనియ్యిన్రి" అంటుంది. అందరూ ఆగుతారు. ఎప్పుడూ ఎవరికోసమూ ఆగని ఆ ఎరుపు దీపం ఆయన కూడా.

ఒక సాయంత్రం హాస్టల్లో అన్నం ముందు కూర్చుని ఆమె పంపినది విన్నాను.

"అసలు సినిమాల మరమనిషి భూమికి రానే రాడు సార్. నీళ్లు రాకెట్ల పంపిచ్చి తను ఆడనే ఉంటడు. ఛాతీ మీద దీపం పీకి నుదుటికి కట్టుకోని గుంతలకు దిగుతడు. మీరు చూసే వాపస్ వచ్చుడు, వానల పాట, గదంత తర్వాత అతికిచ్చిన్రు. నేను, మా పెదనాన్న కూసోని చూసినం."

గ్రూపు ఊగిపోయింది. నుదుటి మీద దీపం! ఎంత గొప్ప ఊహ! ఆ దృశ్యం పోగొట్టినవాళ్లను ఏం చేసినా పాపం లేదు! చప్పట్లు, దండాలు, పువ్వులు.

నా చేతిలో ముద్ద అలాగే ఉంది. ఆ దృశ్యం నాది. చాప మీద నాన్న ఎడమ భుజానికి ఆనుకుని నేను చూసినది. మరమనిషి వంగి, దీపం నుదుటికి కట్టుకుని, చీకట్లోకి దిగుతుంటే నాన్న నా చెవిలో ఏదో అన్నది కూడా నాకు గుర్తే. దాని గురించి గ్రూపులో రాద్దామని ఎన్నిసార్లు టైప్ చేసి చెరిపానో. అక్క దాన్ని తీసుకుని పంచిపెట్టేసింది. అదైనా ఓర్చుకునేదాన్ని. "నేను, మా పెదనాన్న" అంది. ఆ పెదనాన్న మా నాన్న. ఆ మాటలో నేనెక్కడా లేను.

ఆ రాత్రి డైరీలో అక్క గురించి రాసినవి ఇక్కడ రాయను. ఆమె నవ్వు గురించి కూడా రాశాను, నవ్వు మీద అంత కోపం ఎలా వస్తుందో నాకే తెలియదు.

రెండు రోజులు గడవకముందే ఆమెకు కష్టం వచ్చింది. గ్రూపులో ఒకాయన దగ్గర మొదటిసారి అమ్మిన పాత సీడీలు ఉన్నాయి. అన్నీ మళ్లీ చూసి, దీపం నుదుటికి కట్టుకోవడం ఎక్కడా లేదని, మరమనిషి మొదటినుంచీ తిరిగి వచ్చేవాడని చెప్పాడు. "మళ్లొచ్చిండ్రు సైరన్ బ్యాచ్" అని మొదలైంది. "అక్కా, మీ కాలనీ కోసం స్పెషల్ ప్రింటు తీసిన్రా?" అని ఒకడు. నాకు లోపల చల్లగా అనిపించింది. చల్లగా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది కానీ, ఆ మెసేజీలు ఇంకోసారి చదువుకున్నాను.

అప్పుడు ఫోన్ చేసింది.

"ఏమే, చూస్తున్నవా, నన్నెట్ల తింటున్రో?"

"చూస్తున్నా."

"చూసుకుంట నోరు మూసుకున్నవా? నీకు గుర్తులేదా దీపం సంగతి?"

"గుర్తుంది."

"మరి చెప్పు! నువ్వు చెప్తే నమ్ముతరు. నువ్వు మాట్లాడవు గద, మాట్లాడనోళ్ల మాటకు ఇజ్జత్ ఎక్కువ."

"నాన్ననడిగి చెప్తా," అన్నాను.

"పెదనాన్న నాదిక్కే చెప్తడు పో," అని నవ్వి పెట్టేసింది.

ఫోన్లో అడగొచ్చు. కానీ నాకు కావలసింది సినిమా గురించిన జవాబు కాదు. ఆ చాప మీద నేను ఉన్నానని నాన్న నోటితో వినాలి. ఆయన ముఖం చూస్తూ వినాలి. శనివారం స్కూలు నుంచి నేరుగా బస్సెక్కాను. కొత్తగూడెం దాటాక అడవి మొదలైన దగ్గర్నుంచీ ఫోన్‌కు సిగ్నల్ రాలేదు. అక్క ఏమంటుందో, వాళ్లేమంటున్నారో తెలియని ఆ గంట హాయిగా గడిచింది.

నాన్న పెరట్లో కూలర్ విప్పి, పాత గడ్డి పీకి కొత్త గడ్డి కూరుతున్నాడు. భూగర్భ గనిలో పనిచేసినన్నాళ్లూ తలెత్తి మాట్లాడే తీరికలేని మనిషి. ఇప్పుడు నేల పైన పని ఇచ్చారు, కాస్త నెమ్మదించాడు. మంచినీళ్లు తాగి పక్కన కూర్చుని అడిగాను.

"నాన్నా, మరమనిషి సినిమా గుర్తుందా? వాడు నుదుటికి దీపం కట్టుకుని గుంతలోకి దిగుతాడు."

నాన్న నవ్వాడు. "సినిమాల యాడిదే అది? సైరన్ మోగంగనే కేబులాయన ఆపె. మీ అక్క ఒకటే ఏడుపు. తర్వాతేమైంది పెదనాన్నా, నీళ్లు తెచ్చిండా పెదనాన్నా అని కాళ్లకు చుట్టుకున్నది. బస్సొచ్చేటాళ్లకు ఏదో ఒకటి చెప్పాలె గద. ఆడ తలదీపం చేతుల ఉన్నది, అదే చెప్పిన."

అవును. ఏ మరమనిషికి నుదుటి మీద దీపం పెట్టుకోవాలని తోస్తుంది? అది గనిలోకి దిగే మనిషి చేసే పని. ఇన్నేళ్లూ అంత తేలికైన విషయం నాకెందుకు తట్టలేదో.

"నేనేం చేస్తున్నాను అప్పుడు?" అని అడిగాను.

"నువ్వేడున్నవ్? తమ్ముడు పుట్టినప్పటి సంగతి గద. మీ అమ్మా నువ్వూ బోనకల్ల ఉంటిరి, అమ్మమ్మ కాడ."

వంటింట్లోంచి అమ్మ కూడా అంది. "చలి తగ్గేదాంక రాలే మేము."

"నువ్వు లేక ఇల్లు పొద్దుపోకపోయేది," అన్నాడు నాన్న గడ్డి సర్దుతూ. "గందుకే దాన్ని పిలుచుకునేది టీవీ చూసేటందుకు."

నేను లేనందువల్ల నా స్థలంలో అక్క కూర్చుంది. నేను తిరిగొచ్చాక ఆమే నాకా కథ పదేపదే చెప్పి ఉంటుంది. ఆమె నోట విన్నదానికి నేను చాపను, నాన్న భుజాన్ని, చెవిలో మాటను తెచ్చిపెట్టుకున్నాను. చివరి సీను తర్వాత కలిపింది నేనే.

నాన్న చెప్పింది వింటూనే నాకొక ఆలోచన వచ్చింది. అది మంచి ఆలోచన కాదని తెలిసే పట్టుకున్నాను. నిజం చెప్పేస్తే చాలు. అక్క చూసిన సినిమా లేకుండా పోతుంది. సిగ్నల్ కోసం గేటు దాకా నడిచి, గ్రూపులో నా మొదటి మెసేజీ రాశాను. చెరపలేదు. ఆ దృశ్యం ఏ ప్రింటులోనూ లేదని, సైరన్ మోగాక మా నాన్న మా అక్కకు అల్లి చెప్పినదని, ఆయన గనిలో పనిచేసేవాడని రాసి పంపాను.

సీడీల ఆయనే ముందు రాశాడు. సినిమా తీసినవాళ్లకంటే మీ నాన్నగారి ముగింపే బాగుందమ్మా అని. మిగతా సినిమాలకు ఆయన ఏం చెప్పేవారో అడగండి అని ఒకరు. ఇలాంటి పెదనాన్న మాకు లేకపోయె, అదృష్టవంతురాలివి అక్కా అని ఇంకొకరు. ఆ అదృష్టం మాటకు పది మంది దండాలు పెట్టారు.

అక్క ఫోన్ చేసింది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"అంటే అది సినిమా కాదానే? పెదనాన్న నా ఒక్కదాని కోసం అల్లిండా?"

"అవును," అన్నాను.

"బస్సుకు టైమైతున్నా ఆగి చెప్పిండా?"

"అవునక్కా."

"రేపే వస్తున్నా. నా నోట్ల చక్కెర పోసినవ్ పోవే!"

నేను ఆమె దగ్గర్నుంచి ఒక సినిమా లాక్కుని, మా నాన్నను ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే బస్సు దిగి వచ్చింది. చెప్పులు విడుస్తూనే పెరట్లోకి వెళ్లి, కూలర్‌కు మిగిలిన గడ్డి కూరుతున్న నాన్న పక్కన పీట లాక్కుని, భుజానికి భుజం ఆనించి కూర్చుంది. నేను వంటింటి గడపలో నిలబడ్డాను.

"పెదనాన్నా, మళ్లొక్కసారి చెప్పు. మొత్తం."

"యాడ గుర్తుంటదే తల్లీ. దీపం పెట్టుకునుడు ఒక్కటే గుర్తున్నది."

"అయ్యో, నేను చెప్త. దీపం పెట్టుకోని దిగిండు. నీళ్లు దొరికినయి. రాకెట్ల నింపిండు..." ఆమె ఆగింది. "రాకెట్ ముందు పోయిందా, గుంత ముందు తవ్విండా? ఏమే, నువ్వు చెప్పరాదు."

చెప్పాను. ఎవరూ ఆగమనలేదు, నేనూ ఆగలేదు. మరమనిషి ముందు పైపైన తవ్వి చూశాడు, దొరకలేదు. దీపం నుదుటికి కట్టుకుని లోపలికి దిగాడు. కప్పు కూలకుండా రాకెట్ రెక్కలు విరిచి కింద ఊతం పెట్టాడు. నీళ్లు పడ్డాయి. నీళ్లు నింపిన కుండలన్నీ పైకి మోశాడు. తాను ఎక్కితే బరువుకు రాకెట్ లేవదు. అందుకని పంపేసి, మళ్లీ గుంతలోకి దిగాడు. దీపం సన్నబడుతోంది. అక్కడ ఒక రాయి మీద కూర్చున్నాడు. పక్కనున్న రాయి మీది దుమ్మును చేత్తో తుడిచాడు, ఎవరో వస్తే కూర్చోవడానికి.

నాన్న చేతిలో గడ్డి అలాగే ఉంది. "గిదంత నేను చెప్పిన్నా?"

"చెప్పినవ్ పెదనాన్నా," అంది అక్క. తర్వాత నా వైపు తిరిగింది. "కానీ పక్క రాయి ఎక్కడిదే? రాయి తుడుసుడు లేదు దాంట్ల."

"ఉంది," అన్నాను. నాకు అంత స్పష్టంగా గుర్తుంది.

"నేన్ చెప్పలే బిడ్డా," అన్నాడు నాన్న. "రెక్కలిరిచి ఊతం పెట్టుడు నాదే, గది గనిపని. రాయి ముచ్చట నాది గాదు."

"నేను గూడ నీకు చెప్పలే," అంది అక్క. "మరెవరు చెప్పిన్రే?"

ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదని ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. నాన్న గడ్డి కింద పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"మంచిగున్నదే ఆ ముక్క," అన్నాడు నన్ను చూస్తూ. "మరి వచ్చిన్రా ఎవరన్న?"

అక్క నవ్వలేదు. ఆయన భుజం మీంచి కాస్త జరిగి, ఆయన ముఖం ఒకసారి, నా ముఖం ఒకసారి చూసింది. "నిజంగ నువ్వు చెప్పలేదా పెదనాన్నా? మంచిగ యాది చేసుకో," అంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. కొన్నాళ్లుగా రోజూ డైరీలో రాసుకుంటున్న నా గొంతే. జాలిపడి, "లేదక్కా, నాన్నే చెప్పాడు" అనొచ్చు. అనలేదు.

గడప దిగి, ఇంకో పీట తెచ్చుకుని నాన్నకు అటుపక్కన కూర్చున్నాను.