లేదురావు గారి ఫ్రంట్ కవర్

కుడిచెయ్యి అట్టపెట్టె మీద ఉంటుంది. ఎడమచెయ్యి ఆ పెట్టె మీద దుమ్ము దులుపుతుంటుంది. నోరు మాత్రం "లేదు" అంటుంది. నారాయణగూడలో పాత బండ్ల స్పేర్ పార్టులు అమ్మే రామచంద్రరావు గారిని పరిచయం చేయడానికి ఇంతకంటే అక్కర్లేదు. ఏ వస్తువు అడిగినా ఆయన మొదటి మాట అదే. కొట్టు నిండా సామాను పెట్టుకుని, సామాను లేదని చెప్పడానికే రోజూ పొద్దున్నే షట్టరెత్తే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

మెకానిక్కులందరం ఆయన్ని లేదురావు గారంటాం. ఆ పేరు పెట్టినవాడెవడో గాని బుద్ధిమంతుడు. విడదీసి చదివితే కొట్టు పద్ధతి మొత్తం అందులోనే ఉంది. సామాను లేదు, నువ్వు మళ్లీ రావు.

అయినా వెళ్లేవాళ్లం. చిక్కడపల్లి సందులో నాదొక షెడ్డు. ఆయన దగ్గర సామాను తీసుకోవాలంటే నోటిని వదిలేసి చేతిని చూడాలని నాకు త్వరగానే తెలిసింది. అడిగిన వస్తువు ఎక్కడుందో చెయ్యి అక్కడికే పోతుంది. మొదటి 'లేదు' పలకరింపు. రెండోది పరీక్ష. మూడోది అనేసరికి వస్తువు కౌంటర్ మీద ఉంటుంది.

"ఉన్నదాన్ని లేదంటరేంది సార్?" అని ఒకసారి అడిగాను.

"ఉందన్నాననుకో, నువ్వు జేబులో చెయ్యి పెడతావు. లేదన్నాననుకో, బుర్ర గోక్కుంటావు. జేబులో చెయ్యి పెట్టేవాళ్లు ఊరి నిండా ఉన్నారయ్యా కురుమయ్యా."

ఆ మధ్య ఒకాయన హడావిడిగా వచ్చి బ్యాటరీ అడిగాడు. కొత్త బ్యాటరీ ఆయన కళ్లెదురుగానే ఉంది. లేదన్నారు రావు గారు. అని, ఊరుకున్నారా? చాకు తీసుకుని బయటికి నడిచి, కారు బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి చిలుము గీకి, స్టార్ట్ చేసి చూపించారు. ఆ పెద్దమనిషి దండం పెట్టి వెళ్లిపోయాడు. బేరం పోయింది. ఆ సాయంత్రమంతా రావు గారు లాటరీ తగిలినవాడిలా కూర్చున్నారు. వ్యాపారం నేర్చుకోవాలనుకునేవాళ్లు దయచేసి ఆ వీధికి వెళ్లకండి.

ఇంట్లోనూ ఇదే వరస. వాళ్లావిడ బాలత్రిపురసుందరి గారు ఒకసారి కొట్టుకొచ్చినప్పుడు చెప్పారు. "పెళ్లిచూపుల్లో మా నాన్నగారు 'అభ్యంతరం ఏమైనా ఉందా బాబూ' అనడిగారు. ఈయన అలవాటు కొద్దీ 'లేదు' అన్నారు. ఆ ఒక్క లేదే నాకు కలిసొచ్చింది. తర్వాత చీర అడిగినా లేదే, సినిమా అడిగినా లేదే."

"ఇప్పుడు సంతోషంగా లేవా?" అన్నారు రావు గారు.

"లేదు," అన్నారావిడ. చెయ్యి మాత్రం ఆయనకు తెచ్చిన టిఫిన్ డబ్బా మూత తీస్తోంది.

రావు గారికి ఒక పాత వ్యాను ఉంది. ఆ కంపెనీవాడు దాన్ని తయారు చేయడం ఎప్పుడో మానేశాడు. రావు గారు తుడవడం మానలేదు. బాగ్ లింగంపల్లి నుంచి కొట్టుకి నడిచొస్తే త్వరగా చేరతారు. ఆయన మాత్రం ట్రాఫిక్‌లో ఆగి ఆగి దర్జాగా వ్యానులోనే వస్తారు. "ఇంజను మోత కాదయ్యా కురుమయ్యా, తంబూరా మీటినట్టు లేదూ?" అనేవారు. అక్కడ కూడా 'లేదు' అంటే ఉందనే మేం అర్థం చేసుకోవాలి.

అచ్చం అలాంటి వ్యానే శ్రీశైలానిది. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలకు పొద్దున్నే దాన్లోనే ఇడ్లీ, వడ అమ్ముతాడు. వండేది భార్య మహేశ్వరి, నడిపేది ఇతను. ఒకరోజు దాన్ని ఆటోకి తాడుతో కట్టి నా షెడ్డుకి ఈడ్చుకొచ్చాడు.

"ముందల నుంచి గరగర అంటున్నదన్నా."

"ఆయిల్ లైటు వెలిగిందా?"

"ఏ లైటు?"

డ్యాష్‌బోర్డు చూశాను. ఆయిల్ లైటు ఉండాల్సిన చోట గుండ్రంగా, ఎర్రగా, ముచ్చటగా ఒక బొట్టుబిళ్ల ఉంది.

"ఇదేంది శ్రీశైలం?"

"అదా? తెల్లారంగ చీకట్ల పోతుంటే కండ్లల్ల కొడుతున్నదని మహేశ్వరి బొట్టుబిళ్ల అతికించిన."

"బాగ చేసినవ్. ఇంజనుకు బొట్టు పెట్టి మరీ సాగనంపినవ్."

ఆ బండికి ఆయిల్ పంపు విడిగా ఉండదు. ఇంజను ముందుండే మూతలోనే, అంటే ఫ్రంట్ కవర్లోనే, రెండు పళ్ల చక్రాలుగా ఇమిడి ఉంటుంది. విప్పి చూస్తే టైమింగ్ చైను వదులై కవర్ లోపలి గోడను గీకేసింది. రాలిన పొడి పంపులో పడి గాట్లు పెట్టింది. గుండెకాయ దెబ్బతిన్నది గాని ప్రాణం ఇంకా ఉంది. పంపుతో సహా కవర్ మారిస్తే ఇంజను దక్కుతుంది. మార్చకుండా తిప్పితే తుక్కు కింద కిలోల లెక్కన పోతుంది.

"నేను ఎన్ని దినాలైనా ఆగుత అన్నా, కని జాగా ఆగదు," అన్నాడు శ్రీశైలం. "ఈ వారం బండి నిలబడకపోతే నా మూల పోతది. మోమోలు అమ్మేటాయన అప్పుడే టేపు పట్టుకొచ్చి కొలుస్తున్నడు. మహేశ్వరి పొద్దుగాల లేచి, నానబెట్టిన పప్పు దిక్కు చూస్తున్నది."

పాత కవర్ గోనెసంచిలో వేసుకుని ఇద్దరం నారాయణగూడ వెళ్లాం.

"సార్, ఫ్రంట్ కవర్, ఆయిల్ పంపు సెట్టు ఉన్నదా?" అన్నాడు శ్రీశైలం.

"లేదు."

"అగో, వెనుక కనబడుతున్నది గద సార్!"

"అది నీ బండిది కాదు."

"నా బండి ఏదో చెప్పనే లేదు గద?"

"చెప్పకుండానే అడిగావు గదా. అందుకే లేదు."

నేను పాతది సంచిలోంచి తీసి కౌంటర్ మీద పెట్టాను. రావు గారు కళ్లజోడు సర్దుకుని, బోల్టు బెజ్జాలన్నీ వేలితో తడిమి, పంపు లోపల గోరు పెట్టి గాట్లు చూశారు. "లైటు వెలిగినప్పుడు ఏం చేశావు?" అన్నారు. శ్రీశైలం నా వైపు చూశాడు. బొట్టుబిళ్ల సంగతి నేను చెప్పాను.

"ఓహో. రేపు జ్వరమొస్తే థర్మామీటరు విరగ్గొట్టు, తగ్గిపోతుంది," అన్నారు రావు గారు. "నీ బండికి సెన్సార్ బెజ్జం ఉంది. ఆ వెనక ఉన్నదానికి లేదు. సెన్సార్ లేకపోతే బండి స్టార్టే కాదు. లేదయ్యా."

మూడో లేదు అయిపోయింది. కౌంటర్ మీదకి ఏమీ రాలేదు. చాయ్ తాగాం. నాలుగో లేదు కూడా అయింది. చెయ్యెక్కడుందో చూశాను. ఏ పెట్టె మీదా లేదు. బల్ల మీద పడి ఉన్న తన వ్యాను తాళాల గుత్తి మీద ఉంది. భోజనానికి ఇంటికి పోవాలని తొందరపడుతున్నారనుకున్నాను.

శ్రీశైలానికి ఒళ్లు మండింది. "ఈ సార్ అమ్మడన్నా. హిమాయత్‌నగర్ దిక్కు చూస్త," అని పోయి, సాయంత్రానికి తళతళలాడే కవర్ ఒకటి తెచ్చాడు. మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత మెరుపు.

"సేమ్ టు సేమ్ అన్నడు అన్నా!"

నా దగ్గర మందపాటి అద్దం పలక ఒకటి ఉంది. కవర్‌ను దాని మీద బోర్లా పెట్టి వేలితో నొక్కాను. ఒక కాలు పొట్టిదైన కుర్చీలా ఊగింది. అట్లా ఊగేదాన్ని బిగిస్తే అంచుల వెంట ఆయిల్ ధారకడుతుంది. పంపు చక్రం తిప్పితే ఒకచోట పట్టేస్తోంది, ఒకచోట వదిలేస్తోంది. సెన్సార్ బెజ్జం ఉండాల్సిన చోట కంపెనీ పేరు పెద్దక్షరాల్లో అచ్చేశారు. పేరు మీద ఉన్న శ్రద్ధ పంపు మీద లేదు.

మళ్లీ నారాయణగూడకే వెళ్లాం. రావు గారు ఆ మెరుపును చూసి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"సేమ్ టు సేమ్ అన్నడు సార్," అన్నాడు శ్రీశైలం నీరసంగా.

"కవలలు కూడా సేమ్ టు సేమేనయ్యా. అయినా ఎవడి పెళ్లాం వాడికే ఉంటుంది." తర్వాత అడ్డం పెట్టుకున్న చెయ్యి దించి అడిగారు. "ఇడ్లీలోకి పల్లీ చట్నీయా, కొబ్బరి చట్నీయా?"

"రెండూ ఉంటయ్ సార్."

"ఉంటయ్ కాదు, ఉండేవి. రేపు సాయంత్రం రండి."

ఎన్నేళ్లుగానో ఆ కొట్టుకి పోతున్నాను, 'రండి' అన్న మాట వినడం అదే మొదలు. రావు గారికి ఒంట్లో బాగాలేదేమోనని భయపడ్డాను.

మర్నాడు సాయంత్రం మేం వెళ్లేసరికి ఆయన అప్పుడే ఆటో దిగుతున్నారు. చేతిలో పాత అట్టపెట్టె. గోళ్ల సందుల్లో నల్లటి మడ్డి.

"వ్యాను ఏది సార్?"

"పెట్టె తియ్యి. వ్యాను కోసం వచ్చావా, కవర్ కోసం వచ్చావా?"

తీశాను. కంపెనీ కవర్. అంచులు శుభ్రంగా గీకి, తుడిచి ఉన్నాయి. పంపు చక్రాలు వేలితో తిప్పితే వెన్నలో తిరిగినట్టు తిరిగాయి. చక్రాల మధ్య సందును ఫీలర్ గేజ్ రేకుతో కొలిచి చూశాను, కంపెనీ పుస్తకంలో చెప్పినంతే ఉంది. ఒక్క సంగతి మాత్రం కంటబడింది. ప్రతి బెజ్జం చుట్టూ సన్నటి ఉంగరంలా మెరుపు. బోల్టు తల ఒకసారైనా బిగుసుకుంటేనే పడే ముద్ర అది.

"సార్, ఇది కొత్తదేనా?"

"ఒరిజినలా అనడుగు, చెప్తాను. కొత్తదా అనడగకు."

"ఎంత ఇయ్యాలె సార్?" అన్నాడు శ్రీశైలం.

"చట్నీ తిని చెప్తాను. ముందు ఆ బొట్టుబిళ్ల తీశావా?"

కవర్ తీసుకుని షెడ్డుకి వచ్చేశాను. చేతిలో పనుంది. ఇంజను కింద ఆయిల్ నిలిచే చాంబర్ దించి, అడుగున పేరుకున్న పొడి కడిగి, ఆయిల్ పీల్చే జాలీ శుభ్రం చేశాను. కొత్త చైను, కొత్త సీలు వేశాను. స్టార్ట్ చేయగానే పంపు పొడిగా తిరగకుండా లోపల ఆయిల్ నింపి, కవర్ బిగించాను.

బండి అప్పగించే పొద్దున రావు గారు పిలవకుండానే షెడ్డుకొచ్చారు. నడిచి. ఇద్దరం డ్యాష్‌బోర్డు మీదకి వంగాం. శ్రీశైలం తాళం తిప్పాడు. ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. ఇంజను అందుకుంది. లైటు ఆరింది. గరగర లేదు. శ్రీశైలం ఆయన కాళ్లకు వంగబోతే, "నడుం జాగ్రత్త, దానికి స్పేర్ దొరకదు," అని లేపారు.

అప్పుడు అడిగాను. "సార్, మీ వ్యానుకు ఫ్రంట్ కవర్ ఉన్నదా?"

"లేదు," అన్నారు రావు గారు.

చేతులు చూశాను. రెండూ వెనక్కి కట్టుకుని ఉన్నాయి.

శ్రీశైలానికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక ఇంజను ఆపబోయాడు. "ఆపకు!" అని కసిరారు రావు గారు. "నా బండి రోజంతా కొట్టు ముందు నిలబడి దుమ్ము తింటుంది. నీది నలుగురికి తిండి పెడుతుంది. పో, మోమోలాయన టేపు చుట్టేసేలోపు పో."

శ్రీశైలం పోయాడు. ఆ మూల దక్కింది. ఆ రోజు నుంచి రావు గారికి రెండు చట్నీలతో ఇడ్లీ కొట్టుకే వస్తోంది. సాంబారు ఉందా అని శ్రీశైలం అడిగితే ఆయన లేదనే అంటారు, గిన్నె ముందుకు జరుపుతూ.

ఎక్కడెక్కడికో ఫోన్లు చేయగా చేయగా, కోయంబత్తూరులో ఒక పాత స్టాకు గోదాములో అదే కవర్ దొరికింది. ఈసారి బోల్టు ముద్రలు లేనిది. అద్దం మీద పెట్టాను, ఊగలేదు. రావు గారి వ్యానుకు బిగించి, కడిగి, షెడ్డు ముందు నిలబెట్టాను. ఆయన గొడుగేసుకుని నడిచొచ్చారు.

"ఏమయ్యా కురుమయ్యా, నా బండి ఉందా?"

నా కుడిచెయ్యి తాళాల గుత్తి మీద ఉంది. ఎడమచెయ్యి దాని మీద దుమ్ము దులుపుతోంది.

"లేదు సార్," అన్నాను. "పాత కవర్ చూపిస్తేనే. తెచ్చిండ్రా?"

ఆయన నా చేతి వైపు చూశారు. మూతి బిగించుకుని నవ్వు ఆపుకున్నారు. అశోక్‌నగర్‌లో అమ్మకం ముగించుకుని, ఖాళీ గిన్నెలు గలగలలాడించుకుంటూ శ్రీశైలం వ్యాను అప్పుడే మా సందులోకి తిరిగింది.

"అదిగో, వస్తోంది," అన్నారు రావు గారు. "విని చూడు. తంబూరా మీటినట్టు లేదూ?"

తాళాలు ఆయన చేతిలో పెట్టాను.