ఏడో గొట్టం

మా జూ రిపోర్టులో దిద్దిన వాక్యం ఒకటుంది. చింపాంజీకి జలుబు "సిబ్బందిలో ఒకరి" నుంచి సోకిందని. ఆ ఒకరు నేనే.

నేను అక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌ని. సొంతూరు తెనాలి. ఆ డిసెంబరులో బాపట్ల వెళ్లి, అక్కవాళ్ల చర్చి తరఫున మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగి కారల్స్ పాడాను. గొంతు బొంగురుపోయింది. ముక్కు కారుతూనే డ్యూటీకి వచ్చి, చింపాంజీ బోను దాకా వెళ్లాను. మాస్కు జేబులోనే ఉంది. వారం తిరక్కుండా మా ఆడ చింపాంజీ దగ్గడం మొదలుపెట్టి, తిండి మానేసింది.

జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చాలన్నారు డాక్టరుగారు. చింపాంజీ ముక్కు నుంచి, ఆరుగురు కీపర్ల గొంతుల నుంచి నమూనాలు తీశాను. తీసేవాడి నమూనా కూడా తీయాలని ఎవరికీ తట్టలేదు. నాకే అనుమానమొచ్చి నాదీ తీసుకుని, గొట్టం మీద ఏడు అని మాత్రం రాసి పంపాను.

వైరస్ జన్యువుల వరస చదివి పోల్చితే, అది ఎవరి నుంచి వచ్చిందో చాలావరకు తెలుస్తుంది. ఆరుగురిలో ఏమీ లేదు. చింపాంజీలో ఉన్నదీ ఏడో గొట్టంలో ఉన్నదీ దాదాపు ఒకటే.

"ఏడు ఎవరిదయ్యా?" అన్నారు డాక్టరుగారు.

"చింపాంజీ కీపర్‌దేనండి. రెండోసారి తీశాను," అన్నాను.

ఆ అబద్ధం ఇట్టే నిలబడింది. నిజాంపట్నం నుంచి వచ్చిన ఆ కీపరు రోజూ పొద్దున్నే ఊచల దగ్గర నిలబడి చింపాంజీ మొహం మీద ఉఫ్ అని ఊదేవాడు. అదీ తిరిగి ఊదేది. వాళ్ల పలకరింపు అది, అందరూ చూసిందే. "నాకు జలుబే లేదండి" అని అతనన్నా ఎవరూ వినలేదు. జింకల దగ్గరికి మార్చారు. చింపాంజీ దగ్గు తగ్గింది గానీ, కొత్త కీపరు పెట్టింది సగం వదిలేసి ఊచల దగ్గరే కూర్చునేది. దాన్ని చూస్తూ ఎనిమిది నెలలు గడిపాను.

చివరికి డాక్టరుగారికి చెప్పేశాను. ఆయన నాకు మెమో ఇచ్చి, రిపోర్టు దిద్ది, కీపర్‌ను మళ్లీ చింపాంజీ దగ్గరికి వేస్తూ ఆర్డరు రాశారు. అతను సెలవులో ఇంటికి వెళ్లి ఉన్నాడు. ఆర్డరు నేనే తీసుకెళ్తానని అడిగాను. తెనాలిలో రైలెక్కి, రేపల్లెలో దిగి బస్సు పట్టుకున్నాను.

అతను అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. నిలబడే అంతా చెప్పాను.

"ఎనిమిది నెలలు మోశాను గదయ్యా నీ జలుబు," అన్నాడు.

"తప్పయిపోయింది అన్నా."

"అది తింటందా?"

"సగం వదిలేస్తోంది. నీకోసం చూస్తోంది."

ఆర్డరు రెండుసార్లు చదివి లోపలికి కేకేశాడు. "ఏమేవ్, జలుబు నాది కాదంట. ఈయనదంట."

ఇంట్లో పసిపిల్ల ఉందని ఆమె అప్పట్నుంచీ అతని గ్లాసు వేరుగా, ఎర్రదారం కట్టి ఉంచుతోందట. టీ తెచ్చింది. అతనికి మామూలు గ్లాసు. ఎర్రదారం గ్లాసు నా చేతికొచ్చింది.

"ఏమనుకోకండి. ఎవరిది వాళ్లకివ్వాలి గదండి," అంది.

అతను వల పక్కన పెట్టి పగలబడి నవ్వాడు. నేను ఆ గ్లాసు అడుగు దాకా తాగి, ఇంకొంచెం పొయ్యమ్మా అన్నాను.