మా వెనక్కి బాణం

మా మనవరాలి మొగుడికి ఒకటే జబ్బు. మనం మాట ఎక్కడ వదిలేశామో అక్కడికి మళ్ళీ లాక్కొచ్చి నిలబెడితే గాని అతనికి ముద్ద దిగదు.

మొన్నొకరోజు తడి తువ్వాలు మంచం మీద పడేశాడని అతన్ని దులపడం మొదలుపెట్టాను. తువ్వాలు నుంచి మంచానికి, మంచం నుంచి దాన్ని చేసిన వడ్రంగికి, వడ్రంగి నుంచి అతని రెండో పెళ్ళానికి వెళ్ళి, అక్కడ కాస్త ఊపిరి తీసుకున్నాను.

"రెండో ఆవిడ అయిపోయింది అమ్మమ్మగారూ. ఇప్పుడు వడ్రంగి, తర్వాత మంచం, ఆ తర్వాత నా తువ్వాలు," అన్నాడు.

"తువ్వాలుకేమొచ్చింది?"

"నన్ను తిడుతున్నారండీ. ఇంకా సగమే అయింది."

మిగతా తిట్లు ఎక్కడ పోతాయో అని ఎదురుచూసే మనిషిని ఎక్కడైనా చూశారా?

చేసే ఉద్యోగమైనా అర్థమవుతుందా అంటే, అదీ లేదు.

"కంప్యూటర్లో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి దారులు వేస్తానండీ. తిరిగొచ్చే దారులు కూడా."

"దారులేసేవాడివైతే నీ తట్టా పారా ఏవి నాయనా?"

నవ్వి, తెర మీద మూలన ఎడమవైపు తిరిగిన బాణం ఒకటి చూపించాడు. అది నొక్కితే వెనక్కి వెళ్తామట. ముందుకెళ్ళడానికి చదువుకుంటారు గాని, వెనక్కెళ్ళడానికి కూడా చదువు కావాలా? ఆరోజు నుంచీ అతన్ని వెనక్కి బాణం అనే పిలుస్తున్నాను.

ఇంతలో నా కుడికంట్లో శుక్లం ముదిరింది. నెల తిరక్కుండా ఆపరేషన్ చేయించుకోకపోతే కన్ను దక్కదన్నాడు డాక్టరు. తేదీ మాత్రం ఆస్పత్రివాళ్ళ పేజీలోనే తీసుకోవాలట. సోమవారం పదింటికి తెరుస్తారు, అరగంటలో ఖాళీలు అయిపోతాయి. కూడబలుక్కునైనా చదవగలను కదా, నేనే నింపుతానని పంతంగా కూర్చున్నాను.

పేరు పెట్టాను. వయసు పెట్టాను. ఏ కన్నో చెప్పాను. వాడే మందుల దగ్గరికొచ్చేసరికి, జాబితా ఇంకో పేజీలో ఉంది చూసుకోమంది. వెళ్ళి చూసి, బాణం నొక్కాను. ఆస్పత్రి గేటు బొమ్మ ప్రత్యక్షం! నా పేరు లేదు, వయసు లేదు, కన్నూ లేదు. వైకుంఠపాళిలో పెద్దపాము మింగినట్టు మూడుసార్లు మింగింది. మూడోసారికి తేదీలు అయిపోయాయి.

"ఈ పేజీ చేసిన బుద్ధిలేనివాడెవడో గాని..."

"నేనేనండీ," అన్నాడు వెనక్కి బాణం. "పనిచేస్తుందో లేదో సరిచూసినప్పుడల్లా తిన్నగా చివరిదాకా వెళ్ళి చూశాను. మధ్యలో పక్కకి పోయి చూడలేదు."

ఆ వారమంతా రోజూ తన పక్కన నాకు కుర్చీ వేశాడు.

"అమ్మమ్మగారూ, తప్పులు నొక్కండి."

"ఏ తప్పు?"

"మీకు ఏది తోస్తే అది."

డెబ్బై ఎనిమిదేళ్ళలో తప్పు చెయ్యమని నన్ను బతిమాలినవాడు అతనొక్కడే. కనబడ్డదల్లా నొక్కాను. నేను తప్పిపోయినప్పుడల్లా గుప్తనిధి దొరికినట్టు కాగితం మీద రాసుకున్నాడు.

మళ్ళీ సోమవారం వచ్చింది. మందులు చూసి, గుండె చిక్కబట్టుకుని బాణం నొక్కాను. పేరు, వయసు, కన్ను, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి! వదిలిన గడిలోనే గీత ఒకటి మినుకుమినుకుమంటోంది. గురువారానికి తేదీ దొరికింది.

ఆ ఆనందంలో వంటింట్లోకి వెళ్ళి మనవరాలిని అడిగాను.

"నీ మొగుడితో ఎలా వేగుతున్నావే? ప్రతి మాటనీ వెనక్కి లాగుతాడు కదా!"

"నాతోనా? నేను చెప్తుంటే సగంలో లేచి స్నానానికి పోతారు. వచ్చాక, నేనేం చెప్పాను అంటే గుడ్లు తేలేస్తారు."

"మరి నాతో అలా ఎందుకే?"

తుడుస్తున్న గిన్నె పక్కన పెట్టింది. "నువ్వు ఈమధ్య మాట మధ్యలో దారి తప్పుతున్నావు కదా అమ్మమ్మా. పోయినేడు బంధువులంతా నవ్వారని రెండురోజులు నోరు విప్పలేదు. అప్పట్నుంచే ఆయనకి ఈ జబ్బు."

మరుపు నాదీ, పిచ్చివాడన్న పేరు అతనిదీనా? ఏడవాలో, పిలిచి రెండు చీవాట్లు పెట్టాలో తేలలేదు.

"నాకు తెలిసిందని అతనికి చెప్పకే," అన్నాను. "ఎంతో కష్టపడి పిచ్చివాడనిపించుకున్నాడు. ఇప్పుడు మంచివాడని బయటపడితే తల ఎక్కడ పెట్టుకుంటాడు?"