నాలుగు వేళ్ల పచ్చిక

మా ఇంటి ముందు పచ్చిక పొడవు పద్దెనిమిది అడుగులు, వెడల్పు పన్నెండు. ఫోనులో అడిగినవాళ్లకు మాత్రం మైదానం అనే చెబుతాను. ఈ చివర నిలబడి కేక వేస్తే ఆ చివర నుంచి ప్రతిధ్వని వస్తుందని కూడా ఒకసారి అన్నాను. వచ్చిన మాట నిజం. అది వంటింట్లోంచి, మా ఆవిడ గొంతుతో వచ్చింది.

ఆ మైదానం పోయిన ఎండాకాలం చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. తీసుకెళ్లింది నేనే. వెనక్కి తెచ్చింది కూడా నేనే. ఈ రెండో మాట మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

మా జహీరాబాద్ మట్టి ఎంత ఎరుపంటే, చెప్పు తీసి దులిపితే కుంకుమ భరిణె తెరిచినట్టుంటుంది. మా ఆవిడేమో ఇల్లంతా తెల్ల బండలు వేయించింది. బళ్లో టీచరమ్మ కాబట్టి తెల్లటి దాని మీద ఎర్రటి గుర్తు కనబడితే తప్పు దొరికినట్టే లెక్క. గడ్డి పెంచుకోవడానికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది: ముంగిట్లోంచి మట్టి లోపలికి రాకూడదు. వస్తే గడ్డి పీకేసి టైల్స్ పరిపించేస్తుంది. టైల్స్ దుకాణం ఎవరిదో కాదు, ఆమె తమ్ముడిదే. అటువంటి బామ్మర్ది ఉన్న ఇంట్లో గడ్డి బతకడమంటే మటన్ కొట్టు వెనక మేక బతికినట్టే.

ఎండలు మొదలవుతుండగా గడ్డి అక్కడక్కడా పలచబడింది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు నా జుట్టు పలచగా ఉందని మూడుసార్లు గుండు కొట్టించింది, ఒత్తుగా వస్తుందని. నా తల ఇప్పుడు ఆ సిద్ధాంతం తరఫున సాక్ష్యం చెప్పే స్థితిలో లేదు. అయినా నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. గడ్డి కోసే మెషీన్‌కు పక్కన ఎత్తు మార్చే మీట ఉంటుంది, దానికి ఐదు మెట్లు. నేరుగా అట్టడుగు మెట్టుకు దించి, ఒక్క పూటలో మైదానాన్ని నున్నగా గొరిగేశాను.

ఒక రోజంతా అద్భుతంగా ఉంది. పది రోజులకు పసుపుపచ్చ అయింది. పదిహేనో రోజుకు ఎండుగడ్డి మధ్య ఎర్రమట్టి పళ్లికిలించింది. గాలి వీస్తే చాలు, ఆ ఎరుపంతా తిన్నగా మా తెల్ల బండల మీదికి వచ్చి కూర్చునేది.

మా ఆవిడ చీపురు పట్టుకుని గడప మీద నిలబడింది. "ఏంది, గడ్డికి గూడ పుట్టెంటుకలు తీసిన్రా?"

"ఒత్తుగా వస్తుందని..."

ఆమె నా తల వైపు చూసింది. చీపురు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే బామ్మర్ది దిగాడు. అతను రోజూ గంజి పెట్టిన తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటే వేస్తాడు. "బావా, గిది లాన్ కాదు, హెలిప్యాడ్. టైల్స్ ఏస్తే అచ్చంగ హెలికాప్టరే దిగొచ్చు" అన్నాడు. మర్నాటికి టైల్స్ మా గోడ పక్కన గుట్టగా దిగాయి. మా ఆవిడ తీర్పు చెప్పింది: బడి తెరిచే ముందు ఆదివారం మేస్త్రీ వస్తాడు. ఆలోగా మట్టి కనబడకుండా పోయిందా, గడ్డి ఉంటుంది. లేకపోతే లేదు.

ఆ రోజు నుంచి మూడు పూటలా నీళ్లు పోశాను, తలెత్తిన పరకనల్లా సమంగా ఉండాలని మళ్లీ గొరిగాను. బోరు కూడా అలసిపోయి దగ్గింది. గడ్డి మాత్రం పలకలేదు.

నెలకోసారి కోసిన గడ్డి మూట కట్టుకుపోవడానికి మొగుడంపల్లి దారిలో బర్రెలున్న ఒక అవ్వ వచ్చేది. ఈసారి ఆమె గేటు తీసి, రెండడుగులు వేసి, ఆగిపోయింది.

"ఎవల మేకలు జొచ్చినయ్ సారూ?"

"మేకలు కాదవ్వా. నేనే."

"నువ్వేనా!" అని టైల్స్ గుట్ట మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు కోహీర్ దాకా వినపడి ఉంటుంది. కళ్లు తుడుచుకుని అప్పుడు చెప్పింది. "మేక ఏరు దాక గీకి తింటది. బర్రె అట్ల కాదు, నాలుకతోని సుట్టి పైపైన తెంపుతది. నాలుగు ఏళ్ల ఎత్తు ఇడిసిపెడ్తది. అందుకే బర్రె మేసిన జాగ మల్ల పచ్చగైతది. గడ్డికి బువ్వ వండేది ఆకే సారూ. పొయ్యి పీకేసి బువ్వ తిను అంటే ఎట్ల తింటది? జర ఆకుంటే దాని నీడ దాని ఏర్లకే పడ్తది."

"మరి ఎంత ఉంచాలి?"

అరచేతిని అడ్డంగా నేల మీద ఆనించింది. "ఎండాకాలం గింత, నాలుగు ఏళ్లు. ఆనలు పడ్డంక మూడైనా నడుస్తది. ఆరు ఏళ్లు పెరిగినంక రెండు తియ్యి. అంతకంటె ఆశ పడకు."

"నీ వేళ్లా, నా వేళ్లా?"

ఆమె నా చెయ్యి తిప్పి చూసింది. ముప్పై సంవత్సరాలు ఆఫీసు కాగితాలు తిప్పిన చెయ్యి. "నాయే. నీయి ఏళ్లు గావు, అగర్‌బత్తీలు."

అవ్వ వేళ్ల కొలతకు ఒక అట్టముక్క కత్తిరించుకున్నాను. మెషీన్‌ను పాత దుప్పటి కప్పి మూలకు నెట్టాను. రోజూ పొద్దున్నే బోర్లా పడుకుని అట్టముక్క ఆనించి చూసేవాణ్ణి. బామ్మర్ది ఒకసారి ఆ భంగిమలో చూసి, "అక్కా, బావ గడ్డికి జరమొచ్చిందేమో చూస్తున్నడు!" అని కేకేశాడు. నేను లేవలేదు. ఆ రోజుకు ఒకటిన్నర వేలెత్తు పెరిగింది. ఇటువంటి వార్త చేతిలో ఉన్నవాడు ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు.

రెండు వేళ్లయింది. నాలుగయింది. నాలుగయ్యాక కొయ్యాలని నా చేతులు దురదపెట్టాయి, వాటిని జేబుల్లో పెట్టుకున్నాను. మట్టి మచ్చలు ఒకటొకటే మూసుకుపోయాయి. ఆరు వేళ్లు నిండిన రోజున మెషీన్ బ్లేడుకు పదును పట్టించి, మీటను పై మెట్టు దాకా ఎత్తి, పైపైన రెండే వేళ్లు తీశాను. అవ్వ వచ్చి, వంగి, అరచెయ్యి ఆనించింది.

"గిప్పుడు బర్రె మేసినట్టున్నది."

నా ఉద్యోగ జీవితం మొత్తంలో అంత గొప్ప మెప్పు ఏ అధికారీ ఇవ్వలేదు.

ఆదివారం రానే వచ్చింది. ముందురోజు సాయంత్రం పెద్ద వాన పడి కాలనీ అంతా ఎర్ర బురద. బామ్మర్ది మేస్త్రీని వెంటబెట్టుకుని, మల్లెపువ్వులాంటి బట్టల్లో దిగాడు. గేటు దాకా సిమెంటు గట్టు మీదే నడిచి వచ్చాడు, మహా జాగ్రత్తపరుడు.

మా ఆవిడ పచ్చికను ఒకసారి, తమ్ముణ్ణి ఒకసారి చూసింది. "తమ్మీ, జర గడ్డి మీద కూసో."

"అక్కా! తెల్ల ప్యాంటు!"

"అందుకే."

అక్క మాట కాదనే ధైర్యం అతనికి పుట్టినప్పటి నుంచీ లేదు. కూర్చున్నాడు. ఆమె తీరిగ్గా చాయ్ తెచ్చి చేతికిచ్చింది. తాగినంతసేపూ అక్కడే కూర్చోబెట్టింది. మధ్యలో, "జర ఇటు జరుగు, ఇంక జర" అని, ఒకప్పుడు బోడిగా ఉన్న చోట్లన్నిటి మీదికీ జరిపించింది. తర్వాత లేవమంది. కళ్లజోడు సవరించుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు ప్యాంటు వెనక భాగం దిద్దింది. నేనూ వంగి చూశాను. మేస్త్రీ కూడా వంగాడు, ఎందుకో తెలియదు.

రెండు తడి మరకలు, అంటుకున్న గడ్డిపరక ఒకటి. ఎరుపు చుక్కంతైనా లేదు.

"ఉత్త నీళ్లే. మట్టి లేదు" అంది మా ఆవిడ.

"అయితే నేను పోనా అమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"పో. టైల్స్ గూడ తీస్కపోన్రి."

నేను బామ్మర్ది భుజం మీద చెయ్యి వేసి, పచ్చిక చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయించి, గేటు దాకా ఊరేగించాను. టైల్స్ ఆటోలోకి ఎక్కిస్తుండగా అతని కాలు గుంటలో పడి ప్యాంటు మోకాలి దాకా ఎర్రబడింది. ఆ మరక మా గేటు అవతలిదని, దానితో మా మైదానానికి ఏ సంబంధమూ లేదని చుట్టుపక్కల నాలుగిళ్లకు వినపడేలా ప్రకటించాను.

వెనక్కి వచ్చేసరికి మా ఆవిడ మెషీన్ దగ్గర కూర్చుని, పాత చీర అంచు చింపి, మీటను పై మెట్టుకు కట్టేస్తోంది. వానల్లో ఒక వేలు దించవచ్చని అవ్వ చెప్పిందని మనవి చేసుకున్నాను.

"అవ్వనే వచ్చి దించుతది" అంది, ఇంకో ముడి వేస్తూ.

లేచి, చెప్పులు వదిలేసి, తడి పచ్చిక మీదుగా నడుచుకుంటూ సరాసరి తెల్ల బండల మీదికి వెళ్లిపోయింది. కాళ్లు తుడుచుకోలేదు.