నాకెవరూ లేరని గోడకు చెప్పిన పాఠం

ఆ రోజుల్లో నాకు రెండు రకాల మనుషుల మీద అనుమానం ఉండేది. నాకన్నా బాగా ఇంగ్లీషు వచ్చినవాళ్ళు నన్ను చూసి లోలోపల నవ్వుకుంటున్నారని ఒకటి, అసలు ఇంగ్లీషు రానివాళ్ళు నాకూ రాదన్న సంగతి కనిపెట్టేశారని రెండోది. (మూడో రకం మనుషులు కూడా ఉంటారని అప్పటికి నాకు తెలియదు.) ఊరి బడిలో తెలుగులో చదివి, పసుపు ఉడికే పొగలో కూర్చుని డిగ్రీ పుస్తకాలు బట్టీపట్టి, నిజామాబాద్‌లో ఇంగ్లీషు ఎమ్మే ఎలాగో గట్టెక్కి, బోధన్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. చేరిన వారానికే మా డిపార్ట్‌మెంటు పెద్దాయన నన్ను పిలిచారు. ఆయన చంకలో ఎప్పుడూ ఒక ఫైలు ఉండేది, అందుకని అందరం ఫైలు సార్ అనేవాళ్ళం. "ఆధునిక ఇంగ్లీషు కవిత్వం నువ్వు చెప్పమ్మా. ఒంటరితనం, తన మీద తనకే నమ్మకం లేకపోవడం, గదే దాంట్ల విషయం. మంచి పాఠం" అని కొంచెం నవ్వారు. అంత మంచి పాఠమైతే తనే చెప్పుకోవచ్చు కదా, నాకెందుకిచ్చినట్టు? వచ్చే సోమవారం ప్రిన్సిపాల్ గారు నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంటారనీ, ఆయనకు నచ్చితేనే ఉద్యోగం నిలుస్తుందనీ అదే సాయంత్రం తెలిసింది. ఫైలు సార్ నవ్వుకు అర్థం దొరికిందనుకున్నాను.

ఎడపల్లి దారిలో ఒక మేడ మీది గదిలో అద్దెకుండేదాన్ని. ఇంటివాళ్ళది ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలం చేసుకుంటున్న కుటుంబం. బాబాయిగారూ పిన్నిగారూ అని పిలవమని వాళ్ళే చెప్పారు. (అద్దె పెంచే ముందు ఇలాగే వరసలు కలుపుతారని నా అనుమానం.) రోజూ కాలేజీ నుంచి వచ్చి తలుపేసుకుని పాఠం సాధన చేసేదాన్ని. వందేళ్ళ కిందటి కవిత్వం అది. పెద్ద పెద్ద పట్నాలు, వీధుల నిండా జనం, ఆ జనంలో ఎవరినీ పలకరించలేని మనిషి. నోరు తెరవబోతాడు, ఏమనుకుంటారో అని మూసుకుంటాడు. ఇంగ్లీషులో చెప్పబోతే నాకే అర్థమయ్యేది కాదు. అందుకని ముందు తెలుగులో, ఆ మనిషిని నేనే అయిపోయి, గోడకు చెప్పేదాన్ని. "నాకెవరూ లేరు. ఇంత ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరు లేరు. నేను మాట్లాడితే నవ్వుతారు. మాట్లాడకపోతే నేనున్నట్టే ఎవరికీ తెలియదు." బాగా వస్తోందనిపించి, గొంతు పెంచి మళ్ళీ మళ్ళీ చెప్పేదాన్ని.

బుధవారం నుంచి ఆ ఇంట్లో వింతలు మొదలయ్యాయి. పొద్దున లేచేసరికి డాబా మీదికి వెళ్ళే తలుపుకు తాళం. అడిగితే, "పైన నాచు పట్టింది, జారుతుందమ్మా" అన్నారు బాబాయిగారు. ఎండాకాలంలో నాచేమిటో నాకు తెలియలేదు. మర్నాడు మెట్ల కింద ఉండే పురుగుమందు డబ్బాలు మాయం. శుక్రవారం పిన్నిగారు నా కూరగాయల కత్తి అడిగి పట్టుకెళ్ళారు, తిరిగివ్వలేదు. పైగా గంటకోసారి ఏదో వంకతో వచ్చి తలుపు కొట్టడం, కందిపొడి తెచ్చానని, కరెంటు ఉందా లేదా అని. వచ్చి ఊరికే పోకుండా నా మొహంలోకి చూస్తూ, "నీ మనసులో ఏమన్నా ఉంటే నాతో చెప్పు తల్లీ. దాచుకోకు" అనేవారు. నా మనసులో ఉన్నది ఆమె మీద అనుమానమే, అది ఆమెకెలా చెప్పను? గది ఖాళీ చేయించడానికే ఇదంతా అని తేల్చుకున్నాను. డాబా మూసేశారు, కత్తి తీసుకున్నారు, రేపు నీళ్ళు ఆపేస్తారు. అందుకే మిగిలిన గిన్నెలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆ తాళం చూసి పిన్నిగారి మొహం తెల్లబోయింది. దొరికిపోయిందనుకున్నాను. (ఊరికి వెళ్ళిపోవడానికో, ఇంకెక్కడికో సామాను సర్దేశానని ఆమె భయపడిందని తర్వాత తెలిసింది.)

ఆదివారం పొద్దున పదిగంటలకు తలుపు తీస్తే ఎదురుగా మా బాపు, వెనక అవ్వ. (మా దిక్కు నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం.) అద్దె కాగితం మీద నంబరు చూసి పిన్నిగారే ఫోను చేశారట. అవ్వ నన్ను పట్టుకుని ఏడ్వడం మొదలుపెట్టింది. బాపు గదంతా కలియజూసి, మంచం కిందికి కూడా వంగి చూసి, "ఎవడు వాడు?" అన్నాడు.

"ఎవలు బాపు?"

"నాకెవ్వరు లేరు, నాకెవ్వరు లేరు అని ఎవనికి జెప్తున్నవ్? నౌకరి వద్దు, ఏం వద్దు. ఇంటికి నడు."

గోడకు చెప్పిన మాటలు కిందిదాకా వినిపించాయనీ, డాబా తాళం, కత్తి అందుకేననీ అప్పుడు గాని నాకు వెలగలేదు. అది పాఠమని చెప్పాను. బాపు నమ్మలేదు. "నన్ను ఎడ్డోని జేస్తున్నవా? కాలేజీ పుస్తకంల గిట్ల రాస్తరా?" అన్నాడు. పుస్తకం చూపిస్తే ఇంగ్లీషులో ఉంది, దానివల్ల అనుమానం ఇంకా పెరిగింది. చివరికి బాబాయిగారు కింద వరండాలో కుర్చీలు వేయించి, "ఏదమ్మా, ఆ పాఠమేదో మాకూ చెప్పు, విందాం" అన్నారు. రేపటి ప్రిన్సిపాల్ కన్నా ముందు నా ఉద్యోగం ఇక్కడ తేలేలా ఉందనిపించి, నిలబడి మొదలుపెట్టాను. పట్నం, జనం, పలకరించలేని మనిషి.

"ఆయనకి పొలం పుట్రా ఏమన్నా ఉందా?" అన్నారు బాబాయిగారు.

"లేదండీ, ఆఫీసు ఉద్యోగం."

"ఇంటికాడ ఎవలున్నరు?" బాపు అడిగాడు.

"పద్యంల రాయలేదు బాపు."

"రాయకుంటే ఉన్నట్టా, లేనట్టా? మంచిగ అడిగి తెల్సుకోవాలె గదా."

పిన్నిగారు మాత్రం ఏమీ అడగలేదు. కొంగు చివర మెలిపెడుతూ, మెల్లగా తనే చెప్పుకొచ్చారు. "నేను పెళ్ళయి ఈ ఊరు వచ్చిన కొత్తలో బజారుకెళ్ళి బంగాళాదుంపలు కావాలన్నాను. ఆ అమ్మేవాళ్ళకి నా మాట అర్థం కాలేదు. పక్కనున్న మరాఠీ ఆవిణ్ణి కూడా పిలిచి నాచేత మళ్ళీ అనిపించుకుని నవ్వారు. మూడు నెలలు బజారు మొహం చూళ్ళేదు. ఇంట్లో అద్దం ముందు నిలబడి ఆలుగడ్డ, ఆలుగడ్డ అనుకునేదాన్ని. మొన్న నువ్వు గోడతో మాట్లాడుతుంటే నాకు అదే గుర్తొచ్చి భయమేసింది తల్లీ." బాబాయిగారు ఆమె వైపు చూశారు. "మూడు నెలలూ నాచేత కూరలు తెప్పించింది ఇందుకా?" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయనకూ తెలియదట.

బాపు మొహం కొంచెం వదులైంది. పాఠం గెలిచిందనుకుని పుస్తకం మూయబోతుంటే, అంతవరకూ నోరు విప్పని అవ్వ అంది. "మాట్లాడితే నవ్వుతరు అన్నవట గదా బిడ్డ. గది పుస్తకంల ఉన్నదా, నీదా?"

పుస్తకం తెరిచాను. ఆ పద్యంలో పట్నం ఉంది, జనం ఉన్నారు, భయం ఉంది. ఆ మాట మాత్రం లేదు. ఎన్ని పేజీలు తిప్పినా లేదు. "నాదే అవ్వా" అన్నాను. అవ్వ జరిగి పక్కన చోటిచ్చింది. బాపు గొంతు సవరించుకుని, "నవ్వితే నవ్వనీ. రేపు పోయి చెప్పిరా. నువ్వొచ్చేదాక మేం గీడనే ఉంటం" అన్నాడు.

సోమవారం ప్రిన్సిపాల్ గారు వెనక కూర్చున్నారు. నా ఇంగ్లీషు మూడో వాక్యంలోనే తడబడింది. ఎవరో నవ్వారు. అప్పుడు పుస్తకం బల్ల మీద పెట్టేసి, పేరు చెప్పకుండా, ఆలుగడ్డ అన్న మాటను అద్దం ముందు నేర్చుకున్న ఒకామె కథ చెప్పాను. మళ్ళీ నవ్వారు గాని, ఆ నవ్వు వేరు. మీరు నోటిదాకా వచ్చి మింగేసిన మాట ఏదైనా ఉందా అని అడిగితే, మొదటి బెంచీ అమ్మాయి లేచి, బస్సులో స్టేజీ పేరు తప్పు పలుకుతానేమోనని రోజూ ఒక స్టేజీ ముందే దిగి నడిచొస్తానని చెప్పింది. ఆ తర్వాత పాఠం ఇంగ్లీషులోనే, నా ఇంగ్లీషులోనే, చివరిదాకా వెళ్ళింది. "తెలుగు ఎక్కువైంది" అని ప్రిన్సిపాల్ గారు కాగితం మీద రాశారు, ఉండమన్నారు. బయటికొస్తుంటే ఫైలు సార్ ఆపి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఆ పాఠం చెప్పాలంటే నాకు ఎప్పుడూ భయమేనమ్మా. నా ముచ్చటే చెప్తున్ననని పిల్లలు కనిపెడ్తరేమోనని" అన్నారు. (ఇది కూడా ఏదైనా ఎత్తుగడేమోనని రెండు రోజులు ఆలోచించాను.)

ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంటున్నాను. ఆ కవిత్వమే ఏటా చెబుతున్నాను. ఎప్పుడైనా బోధన్ బస్సు కనిపిస్తే, మెడలో కాలేజీ కార్డు తిప్పుకుంటూ, మొహం బిగించుకుని కిటికీ పక్కన కూర్చునే ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. దగ్గరికెళ్ళి, ఎవరూ నీ గురించి అంతగా ఆలోచించడం లేదు, ఆలోచించేవాళ్ళు నీ మంచికే ఆలోచిస్తున్నారు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. బ్యాగు ఒళ్ళోకి లాక్కుని, ఈ పెద్దామెకు నాతో ఏం పనబ్బా అని నా వంక అనుమానంగా చూస్తుంది. చూడనీ, పక్క సీటులో కాసేపు కూర్చుంటాను.