మూడు అతుకుల మార్కా

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. మా నాన్న చర్చి బడిలో లెక్కల మాస్టారు. భయం వేస్తే దీపం పట్టుకెళ్లి చూసి రమ్మనేవాడు, అంతే. కాబట్టి మిమ్మల్ని నమ్మించాలని ఇది రాయడం లేదు. నమ్మకపోతే నాకే నయం.

ఎనభైల చివర్లో చిలకలూరిపేట హైవే పక్కన పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లు ఒకదాంట్లో పనిచేసేవాణ్ణి. మిల్లుకు అప్పుడే కంప్యూటర్ వచ్చింది. నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు. గుంటూరులో ఆరు నెలల కోర్సు చేశానని దాన్ని నాకు అప్పగించారు. ప్రత్యేకంగా ఏసీ గది కట్టించి, దూది నుసి పడకూడదని పత్తి షెడ్డు మనుషుల్ని లోపలికి రానివ్వొద్దన్నారు. ఆ గదిలో కూర్చుని నేను తెగ విర్రవీగేవాణ్ణి.

స్విచ్ వేయగానే ముందు మన మిల్లు మార్కా కనపడాలన్నారు యజమాని. మార్కా అంటే పత్తి బేళ్ల మీద నల్ల సిరాతో వేసే గుర్తు. వలయం మధ్యలో విచ్చిన పత్తికాయ. దాన్ని రేకులో కోసి, ఆ కంతల్లోంచి సిరా అద్ది ఇరవై ఏళ్లుగా బేళ్ల మీద వేస్తున్నది షెడ్డులో పనిచేసే మస్తాన్ బాబాయ్.

ఆయన రేకును గ్రాఫ్ కాగితం మీద పెట్టి గీసుకున్నాను. ఏ గడి వెలగాలో, ఏది వెలగకూడదో అంకెల్లోకి మార్చి ప్రోగ్రాం రాశాను. కంప్యూటర్ ఆన్ కాగానే తనంతట తాను చదువుకునే ఫైలు ఒకటుంటుంది. అందులో నా ప్రోగ్రాం పేరు చేర్చాను. చెప్పడానికి ఇంతే, పది రోజులు నా ప్రాణం తీసింది.

రేకులో వలయం మొత్తం కోసేస్తే లోపలి ముక్క ఊడిపోతుంది. అందుకని పైనొక చోట, కిందొక చోట కాస్త కోయకుండా వదిలేవాడు బాబాయ్. వాటిని అతుకులనేవాడు. బేలు మీద ఆ రెండు చోట్లా వలయం తెగి కనిపించేది. నేను వాటిని పూడ్చేసి నిండు వలయం చేశాను.

"అతుకులుంచు బాబూ. లేకపోతే కాయ ఊడి పడిపోద్ది" అన్నాడాయన.

"ఇది రేకు కాదు బాబాయ్, వెలుగు. వెలుగు ఊడి పడదు" అని నవ్వాను.

తెర మీద ఎలా ఉంటుందో ఒక్కసారి చూపించమని అడిగాడు. అదేం పెద్ద కోరిక కాదు. ఇరవై ఏళ్లు తన చేత్తో వేసిన గుర్తు వెలుగులో ఎలా ఉందో చూడాలని ఆయన ఆశ. యజమాని వచ్చి చూసి మెచ్చుకున్న రోజు బాబాయ్ కూడా గది గుమ్మం దాకా వచ్చాడు. చొక్కా నిండా దూది. తర్వాత చూద్దువులే అని తలుపు వేసేశాను.

ఆ తర్వాత వారమే దగ్గు ముదిరి ఆయన్ను గుంటూరులో ఆసుపత్రిలో చేర్చారు.

ఒక సోమవారం పొద్దున స్విచ్ వేస్తే వలయం తెగి ఉంది. రెండు చోట్ల కాదు, మూడు చోట్ల. పైన ఒకటి, కింద అటూ ఇటూ రెండు. ప్రోగ్రాం ప్రింటు తీసి కాగితంతో ఒక్కో అంకె సరిచూశాను. ఒక్క తేడా లేదు. దాచిన ఫ్లాపీ నుంచి మళ్లీ ఎక్కించినా అదే. గుంటూరు నుంచి వచ్చిన ఇంజనీరు తెర మార్చాడు, లోపలి కార్డు మార్చాడు. మార్కా అలాగే ఉంది. మిగతా పనులప్పుడు తెర మీద ఎక్కడా చిన్న ఖాళీ కూడా లేదు.

వెళ్లి బాబాయ్‌కి చెప్పి ఆటపట్టిద్దామనుకున్నాను. బాగుచేసే గొడవలో పడి వెళ్లలేదు. గురువారం ఆయన పోయాడు.

పది రోజుల తర్వాత ఆయన భార్య బీబీజాన్ మిల్లుకు వచ్చి నా గది బయట నిలబడింది. పాత కాగితంలో చుట్టిన ఎక్స్‌రే ఫిల్ము ఒకటి చేతిలో పెట్టింది. ఆయన ఛాతీదే. బ్లేడుతో దాంట్లో మార్కా కోసి ఉంది.

"పోయే ముందు సోమవారం తెల్లారి మంచం మీదే కూర్చుని కోశాడు బాబూ. నీకిమ్మన్నాడు. రెండతుకులు చాలవంట, మూడు పెట్టాడు."

లోపలికొచ్చి చూడమన్నాను. చెయ్యి పట్టుకుని బతిమాలాను.

"వద్దులే. ఆయన్నే రానియ్యలేదంటగా" అంది. కోపంగా కూడా అనలేదు. బస్సుకు టైమైందని వెళ్లిపోయింది.

ఆ ఫిల్ము తెరకు ఆనించి చూశాను. కోసిన చోటల్లా ఆకుపచ్చ వెలుగు వచ్చింది. మూడు అతుకులూ మూడు ఖాళీల మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి. బేలు మీద మార్కా కొలత వేరు, తెర మీద కొలత వేరు. ఆ తెరను ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ పూట నాకు భయం వెయ్యలేదు, సిగ్గేసింది. తెర ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను.